పెట్రోలా, గ్యాసా, కరెంటా: ట్యాక్స్ తీసేసి చూస్తే ఏది నిలబడతాది

మా బావ కర్నూల్లో ఉంటాడు. ఏడాదిగా కారు కొంటానని చెప్తానే ఉండాడు, ఒక ఆదివారం ఫోన్ చేసి సీఎన్‌జీ ఫైనల్ అంటాడు, ఇంకో ఆదివారం ఎలక్ట్రిక్ బుక్ చేసేస్తాండా అంటాడు, మూడో ఆదివారం ఎవరో చెప్పినారంట ఇంగ రెండేళ్ళలో కరెంటు బండ్లకి కూడా ట్యాక్సులు ఏస్తారని, మళ్ళీ పెట్రోల్ దగ్గరికే వస్తాడు. ఈయనొక్కడే కాదు, నేను అనంతపురంలో చిన్న షాపులకి, నాలుగైదు లారీలు ఉన్నవాళ్ళకి జీఎస్టీ రిటర్న్‌లు వేస్తాంటాను, వచ్చిన ప్రతి ఒక్కరూ బిల్లులు టేబుల్ మీద పెట్టి మొదట అడిగేది ఇదే. అందుకే ఒకసారి కూర్చొని రాసేద్దాం అనిపించింది. నాకు బండి చూస్తే మైలేజీ కంటే ముందు ట్యాక్స్ కనపడతాది, ఈ పనిలో ఉంటే అంతే, కొంచెం ఓర్చుకోండి.

ముందు ఏం చూడాలి

అందరం చేసే తప్పు ఏందంటే లీటరు రేటుని కిలో రేటుతో, కిలో రేటుని యూనిట్ రేటుతో పోల్చడం. పెట్రోల్ 110, గ్యాస్ 90, కాబట్టి ఇరవై మిగిలింది అంటారు. అట్ల కాదు. లీటరు పెట్రోల్లో సుమారు 9 యూనిట్ల ఎనర్జీ ఉంటాది, యూనిట్ అంటే కరెంటు మీటర్లో తిరిగే అదే యూనిట్. లీటరు డీజిల్లో 10, కిలో సీఎన్‌జీలో 13 పైన, లీటరు ఇథనాల్లో 6 కూడా రాదు. అంటే ఒక్కోటి ఒక్కో సైజు డబ్బా. డబ్బా రేటు కాదు, కిలోమీటరు రేటు చూడాలి.

రెండోది, ఆ కిలోమీటరు రేటులో ట్యాక్స్ వాటా ఎంత. ఇది ఎందుకు ముఖ్యం అంటే, ఇంజను పనితనం వల్ల వచ్చిన లాభం మీ దగ్గరే ఉంటాది, ట్యాక్స్ తక్కువ వల్ల వచ్చిన లాభం మాత్రం ఒక జీవో వచ్చేవరకే. కాబట్టి నేను ఏ బండికైనా ఒక పరీక్ష పెడతాను: రెండు వైపులా ట్యాక్స్ మొత్తం తీసేసి చూడు, అప్పుడు కూడా ఇది గెలుస్తాదా? గెలిస్తే ధైర్యంగా కొనొచ్చు. గెలవకపోతే కొనొద్దని కాదు, ప్రభుత్వం మీద పందెం కాస్తాండామని తెలిసి కొనాలి.

మూడోది, కొనేటప్పుడు ఎంత ఎక్కువ పెడతాండారు, నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు. నాలుగోది చానా మంది మర్చిపోయేది, యాడ నింపుకుంటారు. ఇంట్లో ప్లగ్ ఉందా, దారిలో గ్యాస్ బంకు ఉందా. ఈ నాలుగోదే సగం కేసులు తేల్చేస్తాది.

పెట్రోల్: ఒక లీటరుని విప్పి చూద్దాం

లెక్క సులువుకి లీటరు 110 అనుకుందాం, మీరు చదివే రోజు మీ బంకు రేటు వేసుకోండి. పెట్రోల్, డీజిల్ 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడే దాని బయట ఉండిపోయినాయి. కేంద్రం లీటరుకి ఇంత అని ఎక్సైజ్ వేస్తాది, 2025 ఏప్రిల్లో రెండు రూపాయలు పెంచినాక పెట్రోల్ మీద అది 21.90 అయింది, ఇక్కడి లెక్కలన్నీ ఆ రేటుతోనే. దాని మీద మన ఆంధ్ర వ్యాట్ 31 శాతం, అది చాలక లీటరుకి ఇంకో 4 రూపాయలు అదనపు వ్యాట్, రోడ్ల కోసమని ఇంకో రూపాయి సెస్. గమనించినారా, ఆ 31 శాతం ఎక్సైజ్ కలిసిన రేటు మీద పడతాది. అంటే ట్యాక్స్ మీద ట్యాక్స్. ఇవన్నీ కలిపి 110లో రాష్ట్రానికి సుమారు 30, కేంద్రానికి సుమారు 22. మిగిలిన 58లోనే క్రూడ్, రిఫైనరీ, ట్యాంకర్ కిరాయి, బంకు కమీషన్ అన్నీ.

ఇంగ ఈ20 సంగతి. లీటరులో అయిదో వంతు ఇథనాల్, ఇథనాల్లో ఎనర్జీ పెట్రోల్లో మూడింట రెండు వంతులే, కాబట్టి లీటరు మొత్తంలో సుమారు ఆరున్నర శాతం ఎనర్జీ తగ్గినట్టే. నీతి ఆయోగ్ వాళ్ళు 2021లో ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లోనే పాత డిజైన్ కార్లకి 6 నుంచి 7 శాతం, టూవీలర్లకి 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గొచ్చని రాసినారు, ఈ20కి ట్యూన్ చేసిన కార్లకి 1 నుంచి 2 శాతమే. ఇథనాల్‌ని ఆయిల్ కంపెనీకి అమ్మేటప్పుడు దాని మీద జీఎస్టీ 5 శాతమే. కానీ మన చేతికి వచ్చే లీటరు మీద పంపు దగ్గర రేటు తగ్గలేదు. లీటరు అదే, లోపల సరుకు తగ్గింది, ట్యాక్స్ మాత్రం లీటరు లెక్కనే. చెరుకు రైతుకి మంచిదే, క్రూడ్ దిగుమతి తగ్గేదీ నిజమే, నేను కాదనను, కానీ ఆ మంచితనం ఖర్చులో మనది కూడా ఒక వాటా ఉందని ఎవరూ చెప్పరు. ఏదేమైనా ఇది మనం ఎంచుకునే ఆప్షన్ కాదు, బంకులో ఏది పోస్తే అదే, ముందుకి పోదాం.

బోర్డర్ దాటి పోయించుకోవడం గురించి ఒక మాట. హిందూపురం వాళ్ళకి, రాయదుర్గం వాళ్ళకి ఇది రోజూ ఉండే టాపిక్కే, కర్ణాటకలో వ్యాట్ తక్కువ కాబట్టి పెట్రోల్ లీటరుకి ఆరేడు రూపాయల తేడా కనపడతాది. హిందూపురం నుంచి గౌరిబిదనూరు దాకా పోయి వస్తే యాభై కిలోమీటర్లు అనుకోండి, 35 లీటర్ల ట్యాంక్ నింపితే మిగిలేది 245, పోయి వచ్చేదానికి కాలేది 320. కర్ణాటకకి పని మీద పోతే నింపుకోండి, నింపుకునేదానికే పోవద్దు. లారీకి మాత్రం కథ వేరే, మూడొందల లీటర్ల డీజిల్ ట్యాంక్ అంటే ఒక్క ట్రిప్పుకి పదిహేను వందల నుంచి రెండు వేలు, కాబట్టి బెంగళూరు దారిలో ఏ డ్రైవరూ మన వైపు నింపడు. పర్సెంటేజీ ఎక్కువ పెట్టి అమ్మకం పోగొట్టుకోవడం అంటే ఇదే.

కారుకి లెక్క

మామూలు సైజు కారు, టౌను, హైవే కలిపి వచ్చే మైలేజీ వేసినాను, కంపెనీ బ్రోచర్ మైలేజీ కాదు. నెలకి 1,500 కిలోమీటర్లు.

| దేంతో | రేటు | వచ్చే దూరం | కిలోమీటరుకి | నెలకి |
|---|---|---|---|---|
| పెట్రోల్ | లీటరు రూ. 110 | 16 కి.మీ. | రూ. 6.90 | రూ. 10,300 |
| డీజిల్ | లీటరు రూ. 97.50 | 20 కి.మీ. | రూ. 4.90 | రూ. 7,300 |
| సీఎన్‌జీ | కిలో రూ. 90 | 25 కి.మీ. | రూ. 3.60 | రూ. 5,400 |
| కరెంటు, ఇంట్లో | స్లాబును బట్టి | 6.5 కి.మీ. | రూ. 1.27 | రూ. 1,900 |
| కరెంటు, ఫాస్ట్ ఛార్జర్ | యూనిట్ రూ. 26 | 6.5 కి.మీ. | రూ. 4.00 | రూ. 6,000 |

ఇంట్లో కరెంటు దగ్గర ఆగండి, అక్కడే అందరూ తప్పు లెక్క వేస్తారు. యూనిట్ మూడు రూపాయలు కదన్నా అంటారు. మూడు రూపాయలు 31 నుంచి 75 యూనిట్ల స్లాబుకి. మన రాష్ట్రం ఇళ్ళ టారిఫ్‌లో 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. మీ ఇంట్లో ఇప్పటికే 180 యూనిట్లు కాలుతాంటే కారుకి వేసే 230 యూనిట్లు ఆ 180 పైన మొదలవుతాయి, 45 యూనిట్లు ఆరు రూపాయలకి, 175 యూనిట్లు 8.75కి, చివరి పది 9.75కి. మొత్తం 1,900. సర్దుబాటు ఛార్జీ అని యూనిట్‌కి నలభై పైసలు వేసినా ఇంకో వంద. కాబట్టి మీ కారు ఎప్పుడూ మీ బిల్లులో పై స్లాబులోనే తిరుగుతాదని గుర్తు పెట్టుకోండి.

కరెంటు మీద జీఎస్టీ లేదు, ఇళ్ళకి రాష్ట్ర విద్యుత్ సుంకం యూనిట్‌కి 6 పైసలే. కానీ ట్యాక్స్ అసలు లేదనుకుంటే పొరపాటు, 1.90కి కరెంటు వాడే కింది స్లాబు వాళ్ళ భారం కొంత పై స్లాబు వాళ్ళే మోస్తారు, పేరు ట్యాక్స్ కాదంతే. పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్‌లో ఇంకో తమాషా, అక్కడ మనం కొనేది కరెంటు కాదంట, ఛార్జింగ్ అనే సర్వీసంట. 2018లో కేంద్ర విద్యుత్ శాఖ అట్లనే క్లారిఫికేషన్ ఇచ్చింది, లైసెన్స్ లేకుండా ఎవరైనా స్టేషన్ పెట్టుకోవడానికి అది మంచిదే అయింది, కానీ సర్వీసు అనగానే 18 శాతం జీఎస్టీ వచ్చి కూర్చుంది. 22 రూపాయల యూనిట్ 26 అయ్యేది అందుకే.

ఇప్పుడు నా పరీక్ష పెడదాం. ట్యాక్సులు తీసేస్తే పెట్రోల్ కారుకి కిలోమీటరుకి 3.60 చిల్లర, డీజిల్‌కి 2.90, ఫాస్ట్ ఛార్జర్‌కి 3.40. చూసినారా? హైవే మీద ఛార్జ్ చేసుకుంటా తిరిగే ఎలక్ట్రిక్ కారు, ట్యాక్స్ లేని లోకంలో డీజిల్‌కి ఓడిపోతాది, పెట్రోల్‌తో పక్కపక్కన నిలబడతాది. దాని గెలుపంతా ట్యాక్స్ గెలుపే. ఇంట్లో ఛార్జ్ చేసేది మాత్రం 1.27, ఎవరు ఏ ట్యాక్స్ తీసినా పెట్టినా దాన్ని అందుకోవడం కష్టం. ఒకే కారు, ఒకే బ్యాటరీ, ప్లగ్ యాడ ఉందనే దాన్ని బట్టి రెండు వేరే వేరే బండ్లు.

కొనే రేటు సంగతికొస్తే, ఒకే సైజు కార్లలో పెట్రోల్ కంటే సీఎన్‌జీకి లక్షకి కొంచెం తక్కువ, ఎలక్ట్రిక్‌కి నాలుగు లక్షలు అటూ ఇటూ ఎక్కువ పెట్టాల్సి వస్తాందనుకుందాం. నెలకి 1,500 తిరిగితే సీఎన్‌జీ అదనం ఏడాదిన్నర దాటినాక తిరిగొస్తాది, ఇంట్లో ఛార్జ్ చేసే ఎలక్ట్రిక్‌ది నాలుగేళ్ళు. అదే నెలకి 500 కిలోమీటర్లే అయితే సీఎన్‌జీకి అయిదేళ్ళ దగ్గర, ఎలక్ట్రిక్‌కి పదకొండేళ్ళు దాటతాది. అందుకే రిటైరై, కారు గుడికీ పెళ్ళిళ్ళకీ మాత్రమే తీసే వాళ్ళు ఎవరైనా అడిగితే నేను మామూలు పెట్రోల్ కొనుక్కోండి సార్ అనే చెప్తాను, పర్యావరణం మాట వేరు, పాకెట్ మాట వేరు.

జీఎస్టీలో 2025 సెప్టెంబర్ 22 తర్వాత తేడా తగ్గిందని కూడా మర్చిపోవద్దు. చిన్న కార్లు, 350 సీసీ లోపు బైకులు 28 నుంచి 18 శాతానికి దిగినాయి, పెద్ద కార్లు 40. ఎలక్ట్రిక్ 2019 ఆగస్టు నుంచి 5 శాతం దగ్గరే ఉంది. అంటే చిన్న బండ్లలో ఎలక్ట్రిక్‌కి ఉండే ట్యాక్స్ ఆధిక్యం 23 నుంచి 13కి పడిపోయింది. పెట్రోల్ ఇంజను, బ్యాటరీ రెండూ ఉండే హైబ్రిడ్‌ని మాత్రం పాపం ఎవరూ పట్టించుకోలేదు, పెట్రోల్ తక్కువ తాగినా పెద్ద హైబ్రిడ్ కారుకి అదే 40 శాతం, మైలేజీ కోసం ఎక్కువ ఖర్చు పెట్టినోడికి ట్యాక్సూ ఎక్కువే.

స్కూటర్: ఇక్కడ నాకు డౌటే లేదు

ఇది నా సొంత లెక్క. నా ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జర్‌కి ముందు ఒక చిన్న ప్లగ్ మీటరు పెట్టి నెల రోజులు చూసినాను. బ్యాటరీ 3 యూనిట్లది, గోడ నుంచి మాత్రం 3.4 తాగుతాది, మిగిలింది ఛార్జర్ వేడి. దాంతో ఇంటి నుంచి క్లాక్ టవర్, అక్కడి నుంచి క్లయింట్ల షాపులు, మళ్ళీ ఇల్లు, ఇట్ల తిరిగితే నిజంగా వచ్చేది 90 కిలోమీటర్లు. కంపెనీ చెప్పింది ఇంకా ఎక్కువే, అది వాళ్ళ రోడ్డు, ఇది మన రోడ్డు. ఆరు రూపాయల స్లాబులో కిలోమీటరుకి 23 పైసలు. పెట్రోల్ స్కూటర్ 45 మైలేజీ ఇస్తే 2.44. ట్యాక్స్ తీసేసినా 1.29. పది రెట్లు కాస్తా అయిదున్నర రెట్లు అవుతాది, అంతే, గెలుపు గెలుపే.

కరెంటు బొగ్గుదే కదా, ఆడ పొగ వస్తే ఏం లాభం అని అడిగేవాళ్ళు ఉంటారు, న్యాయమైన ప్రశ్నే. కడప వైపు రైల్లో పోతాంటే ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ ప్లాంటు చిమ్నీలు కనపడతాయి కదా, రాత్రి పది గంటలకి నేను ప్లగ్ పెడితే నా స్కూటర్‌కి వచ్చేది చానావరకు అట్లాంటి పొయ్యి మంటే. థర్మల్ ప్లాంటులో బొగ్గు ఎనర్జీలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే కరెంటు అవుతాది, లైన్లలో ఇంకో పదో వంతు పోతాది. అవన్నీ వెనక్కి లెక్కేస్తే నా స్కూటర్ కిలోమీటరుకి సుమారు 120 వాట్ అవర్ల బొగ్గు (వెయ్యి వాట్ అవర్లు అంటే ఒక యూనిట్). పెట్రోల్ స్కూటర్ ట్యాంక్ నుంచి లెక్కేస్తేనే 180 పైన, రిఫైనరీ ఖర్చు కలపకుండానే. అంటే అచ్చంగా బొగ్గు మీద నడిచినా కాలే ఎనర్జీ మూడో వంతు తక్కువ. పగలు పెడితే ఓర్వకల్లు అవతల గని, శకునాల దగ్గర ఉండే వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులాంటివి గ్రిడ్‌లో ఉంటాయి కాబట్టి ఇంకా నయం. మన సీమలో వానకి కరువుందేమో గానీ ఎండకి లేదు.

ఎండ అంటే గుర్తొచ్చింది, మే నెలలో బండి ఎండలో నిలబెట్టి, నడిపి తెచ్చి, వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు. అరగంట నీడలో ఆరనివ్వండి. బ్యాటరీకి శత్రువు వేడే, వారంటీ కాగితంలో ఎన్ని ఏళ్ళు, ఎన్ని వేల కిలోమీటర్లు అని రెండూ చూడండి, ఏది ముందైతే అది.

సబ్సిడీని నమ్ముకొని మాత్రం ఆగొద్దు. ఒకప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలో ఒక్కో కిలోవాట్ అవర్‌కి, అంటే ఒక్కో యూనిట్‌కి, 15,000 ఇచ్చేవాళ్ళు, 2023 జూన్‌లో పదివేలు అయింది, 2024లో అయిదు వేలు, తర్వాత ఏడాది రెండున్నర వేలు. ఈ మెట్లు ఎటు దిగుతాండాయో కనపడతానే ఉంది. పక్కన కర్ణాటక 2024లోనే పాతిక లక్షలు దాటిన ఎలక్ట్రిక్ కార్లకి 10 శాతం లైఫ్ ట్యాక్స్ వేసింది. రేపు పెట్రోల్ మీద వ్యాట్ ఆదాయం తగ్గితే ఏ రాష్ట్రమైనా ఆ లోటు ఇంకో చోట వెతుక్కుంటాది, ఇది నా అంచనా. అందుకే మా బావకి వచ్చిన భయం పూర్తిగా పిచ్చిదేం కాదు, స్కూటర్‌కి మాత్రం వర్తించదు, అంత గ్యాప్ ఉంది.

సీఎన్‌జీ: ఆటోవాళ్ళ లెక్క వేరే

కడపలో మా చిన్నాయన కొడుకు ఆటో నడుపుతాడు, ఏడు రోడ్ల కాడ స్టాండు. రోజుకి వంద కిలోమీటర్లు, మూడు కిలోల గ్యాస్, 270 రూపాయలు. పెట్రోల్ అయితే నాలుగు లీటర్లు దగ్గర, 440. రోజుకి 170 మిగలాల. కానీ వాడు చెప్పేది వినండి: "అన్నా, గ్యాస్ అయిపోయిన రోజు బంకు కాడ క్యూలో గంట నిలబడితే రెండు బాడుగలు పాయె, మిగిలిందంతా ఆడనే పాయె." ఒకసారి గంటన్నర నిలబడి వాడి వంతు వచ్చేసరికి ప్రెషర్ తగ్గిపోయి సిలిండర్ సగమే నిండిందంట, సగం గ్యాస్‌తో మళ్ళీ సాయంత్రం అదే క్యూ. కాబట్టి సీఎన్‌జీ కొనే ముందు మీ దారిలో ఉండే బంకుకి పొద్దున ఏడుకి ఒకసారి, సాయంత్రం ఆరుకి ఒకసారి పోయి ఊరికే పది నిమిషాలు చూడండి. అంతకి మించిన రివ్యూ ఏ వీడియోలోనూ దొరకదు.

ట్యాక్స్ వైపు చూస్తే సీఎన్‌జీ కూడా జీఎస్టీ బయటే. కేంద్రం ఎక్సైజ్ 14 శాతం, దానిపైన రాష్ట్రం వ్యాట్. రేటులో ఊగిసలాట మాత్రం ట్యాక్స్ వల్ల కంటే గ్యాస్ కేటాయింపు వల్ల ఎక్కువ. మన దేశంలో పాత బావుల నుంచి వచ్చే చౌక గ్యాస్‌కి 2023 ఏప్రిల్ నుంచి ఒక గరిష్ఠ ధర పెట్టినారు, ఆ గ్యాస్ సిటీ గ్యాస్ కంపెనీలకి ఎంత ఇస్తారనేది ప్రభుత్వం చేతిలో ఉంది. 2024 అక్టోబర్, నవంబర్‌లో ఆ కోటా కోసేసరికి కంపెనీలు ఖరీదైన గ్యాస్ కొని రేటు పెంచాల్సి వచ్చింది. అంటే పెట్రోల్లో మీరు ట్యాక్స్ మీద ఆధారపడితే, సీఎన్‌జీలో కోటా మీద ఆధారపడతారు.

సిలిండర్‌కి మూడేళ్ళకొకసారి హైడ్రో టెస్ట్, అంటే నీళ్ళ ప్రెషర్‌తో చేసే పరీక్ష, తప్పనిసరి, కారులో అయితే డిక్కీ సగం పోతాది, తిరుమల పోయే ఫ్యామిలీకి అదే పెద్ద గొడవ. ఎలక్ట్రిక్ ఆటో అయితే వందకి ఎనిమిది యూనిట్లు అనుకున్నా అరవై రూపాయలతో రోజు గడిచిపోతాది, క్యూ లేదు, రాత్రి ఇంటి ముందరే ఛార్జింగ్. మా తమ్ముడికి భయం ఎక్కడంటే మధ్యాహ్నం ఒక దూరం బాడుగ వస్తే, ప్రొద్దుటూరు పోయి రావాలంటే ఎట్ల అని. రోజూ టౌన్లోనే తిరిగేవాడికి ఎలక్ట్రిక్, ఊర్లకి బాడుగలు పోయేవాడికి గ్యాస్, నేనైతే అట్ల విడగొడతాను. ఫైనాన్స్ వాళ్ళు ఎలక్ట్రిక్‌కి వడ్డీ ఎంత అంటాండారో కూడా పక్కపక్కన రాసుకోండి, నెల కంతులో తేడా గ్యాస్ మీద మిగిలేదాన్ని మింగేసే కేసులు నేను చూసినాను.

ఎల్‌పీజీ గురించి రెండే మాటలు. బంకులో అమ్మే ఆటో ఎల్‌పీజీ మీద జీఎస్టీ 18 శాతం, వంటింటి సిలిండర్ మీద 5 శాతం. ఆ తేడా చూసి ఇంటి సిలిండర్ బండికి ఎక్కించే వాళ్ళు ప్రతి ఊర్లో ఉంటారు. అది నేరం, దానికంటే ముందు ప్రాణం మీదకి. కొత్తగా కొనేవాళ్ళకి ఎల్‌పీజీ ఇంగ ఆప్షన్‌గా నాకు కనపడదు.

లారీలు, ట్రాక్టర్లు

లారీ ఓనర్లు నా దగ్గరికి డీజిల్ బిల్లులు రబ్బరు బ్యాండ్ వేసి కట్టలు కట్టలు తెస్తారు. ప్రతి ఏడూ ఒకే మాట చెప్పాల్సి వస్తాది, అన్నా వీటి మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు కట్టిన ట్యాక్స్ మీ జీఎస్టీలో తగ్గించుకోలేరు అని. డీజిల్ మీద 2025 పెంపు తర్వాతి లెక్కన కేంద్రానికి 17.80, రాష్ట్రానికి 22.25 శాతం, దానిపైన అయిదు రూపాయలు, మొత్తం లీటరుకి దాదాపు 40 రూపాయలు ట్యాక్స్, అందులో ఒక్క పైసా వాళ్ళు కట్టే జీఎస్టీలో తగ్గదు, ఎందుకంటే అది జీఎస్టీనే కాదు. అదే సరుకు మోసే ఎలక్ట్రిక్ బండి అయితే, మీ కిరాయిల మీద మీరు జీఎస్టీ కట్టే రిజిస్టర్డ్ వ్యాపారం అయితే, బండి మీద 5 శాతం, పబ్లిక్ ఛార్జింగ్ మీద 18 శాతం రెండూ క్రెడిట్ తీసుకోవచ్చు. ఊర్లో డెలివరీ చేసే డిస్ట్రిబ్యూటర్లకి ఈ ఒక్క పాయింట్ చాలు, టాటా ఏస్ లాంటి చిన్న బండ్లు తిప్పేవాళ్ళు సీరియస్‌గా చూడాలి. మైదుకూరు నుంచి చెన్నైకి ఉల్లిగడ్డలు తోలే పెద్ద లారీకి మాత్రం ఇవాళ్టికి డీజిల్ తప్ప దారి లేదు. ట్రాక్టర్‌కీ అంతే. ఇంకొకటి, బోరు మోటారుకిచ్చే ఉచిత కరెంటుతో స్కూటర్ ఛార్జ్ చేసేది మాత్రం వద్దు, దొరికితే కనెక్షన్‌కే ఎసరు.

సోలార్ ఉంటే లెక్క తిరగబడతాది

సొంత ఇల్లు, సొంత మిద్దె ఉన్నవాళ్ళు దీన్ని బండితో కలిపి చూడాలి. మిద్దె మీద సోలార్ పెట్టుకునే పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకి కేంద్ర సబ్సిడీ 78,000. మన ఎండకి రోజుకి 12 యూనిట్లు దగ్గర వస్తాది. రోజుకి యాభై కిలోమీటర్లు తిరిగే కారుకి ఎనిమిది లోపు, స్కూటర్‌కి రెండు లోపు. నెట్ మీటర్ ఉంటే పగలు గ్రిడ్‌కి ఇచ్చి రాత్రి తీసుకోవచ్చు. అసలు లాభం ఏందంటే ప్యానెల్ మీకు మిగిల్చేది 1.90 రూపాయల యూనిట్ కాదు, 8.75 రూపాయల యూనిట్. పై స్లాబు నుంచే కోత పడతాది.

మళ్ళీ మా బావ

బావది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకి రెండుసార్లు బెంగళూరు పోయొస్తాడు, రానూపోనూ ఒక్కోసారి ఏడొందల కిలోమీటర్లు. కర్నూల్లో రాజ్‌విహార్ వైపు పనులుంటే స్కూటర్ మీదే పోతాడు. అంటే కారు తొంభై శాతం హైవే మీదే. ఎలక్ట్రిక్ అయితే ఛార్జింగ్ దాదాపు అంతా యూనిట్ 26కి, కిలోమీటరుకి నాలుగు రూపాయలు, సీఎన్‌జీ కంటే ఎక్కువే. దానికి తోడు పోయిన నెల నేనొక స్నేహితుడి ఎలక్ట్రిక్ కార్లో కర్నూలు నుంచి వస్తాంటే గుత్తి దగ్గర ఛార్జర్ స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ చూపించి ఆగిపోయింది, బోర్డు మీద నెంబరుకి ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేస్తాండాం సార్ అన్నారు, నలభై నిమిషాలు పక్కన టీ కొట్లో కూర్చున్నాం, చివరికి ఏసీ ఆపేసి డెబ్బై స్పీడులో ఇల్లు చేరినాం. ఒకసారి అయితే కథ, నెలకి రెండుసార్లు అయితే భరించలేం.

అందుకని బావకి సీఎన్‌జీ తీసుకో, పెట్రోల్ కూడా ఉంటాది కాబట్టి గ్యాస్ దొరక్కపోయినా ఆగిపోవు, స్కూటర్ మాత్రం కరెంటుది మార్చెయ్ అని చెప్పినాను. సరే అన్నాడు. మొన్న ఆదివారం మళ్ళీ ఫోన్.

"సోలార్ పెడితే కారు కూడా ఫ్రీగా నడుస్తాది అని రాసినావంట కదా, అట్లయితే ఎలక్ట్రిక్కే తీసుకుంటా."

"బావా, నువ్వుండేది అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు, అద్దెకి. మిద్దె ఎవరిదో ముందు కనుక్కో."

ఓనర్‌ని అడిగి చెప్తానన్నాడు.